చేతులతో చెప్పే వార్తలు

ఆ ఆదివారం కరెంటు ఉంది. టీవీ కట్టెయ్యాలన్న తొందర ఎవరికీ లేకపోయింది. పొద్దున పురాణం సీరియల్ అయిపోగానే వీధివాళ్ళు చాపలు చుట్టుకుని అన్నాలకు వెళ్ళారు. మీరా సాహెబ్ నమాజుకు వెళ్ళాడు. ఆయన భార్య గుల్షన్ వంటింట్లో ఉంది. ముందు గదిలో టీవీ దానిపాటికి అది ఆడుతూ ఉంది. ఎదురు గోడకు చేరగిలబడి మీరా సాహెబ్ చెల్లెలు అబిదా బొంత కుడుతోంది.

అబిదాకు వినపడదు. మాట రాదు. టీవీలో బొమ్మలు కదులుతుంటే అప్పుడప్పుడు తలెత్తి చూసేది. జనం నవ్వితే తనూ నవ్వేది. జనం లేనప్పుడు కుట్టు మీదే కళ్ళు.

దారం తెగి కొత్త పోగు ఎక్కించుకోడానికి తలెత్తింది. టీవీలో ఒక ఆడమనిషి బల్ల వెనక కూర్చుని ఉంది. తిన్నగా ముందుకు చూస్తోంది. ఆమె చేతులు కదులుతున్నాయి. ఈగల్ని తోలుతున్నట్టు కాదు. నాట్యం చేస్తున్నట్టూ కాదు. ఒక వేలు లేచింది, ఇంకో అరచేతిని తాకింది, ఆగింది. రెండు చేతులూ విడిపోయి మళ్ళీ కలిశాయి. ముఖం కూడా వాటితో పాటు మారుతోంది. సందేహం, కాదనడం, ఏదో పోయిందన్న విచారం. ఆ మనిషి చెబుతోంది. చేతులతో చెబుతోంది. ఎవరితోనో.

గుల్షన్ తపేలా దించి ముందు గదిలోకి వచ్చేసరికి అబిదా టీవీకి మూరెడు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. సూది ఇంకా చేతిలోనే ఉంది. గుల్షన్ ఒక నిమిషం విన్నది. టీవీలో మాటా వస్తోంది, హిందీలో.

"చెవిటోళ్ళ కోసం వార్తలట!" అని పైకే అనేసింది.

తర్వాత ఆడబిడ్డ భుజం తట్టి, తన చెవి ముట్టుకుని, లేదు అన్నట్టు చెయ్యి ఊపింది. టీవీ వైపు చూపింది. మళ్ళీ అబిదా గుండె మీద వేలు పెట్టింది. నీకోసం.

అబిదా ఆమె వైపు చాలాసేపు చూసింది. ఇటు తిరిగేసరికి టీవీలో ఆ మనిషి లేదు.

*

అబిదా పుట్టుచెవిటిది కాదు. మూడో ఏట జ్వరం వచ్చి తగ్గింది, వినికిడి మాత్రం తిరిగి రాలేదు. అప్పటికి వచ్చిన నాలుగు మాటలూ ఏడాదిలో పోయాయి. బడికి పంపలేదు. అప్పట్లో నరసరావుపేటలో అలాంటి పిల్లలకు బడి ఉందని గాని, ఎక్కడైనా ఉంటుందని గాని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. తల్లి పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. ఆ పని కూతురికి నేర్పింది. ఆమె పోయేనాటికి కూతురి కుట్టు తల్లి కుట్టు కన్నా సన్నగా, వరుస తప్పకుండా పడేది. ఎడ్లపాడు నుంచి కూడా పాత చీరల మూటలు వచ్చేవి.

ఒక సంబంధం వచ్చింది గాని ముందుకు సాగలేదు. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

వీధిలో ఆమెను మూగబీబీ అనేవాళ్ళు. ఆ పేరులో ఎగతాళి లేదు. అలా అని ఎవరూ ఆమె దగ్గర ఆగి కూర్చున్నదీ లేదు. చీరలు ఇచ్చి, బొంత ఎంత పొడవుండాలో చేతులు చాచి చూపించి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంట్లో మాత్రం కొన్ని సైగలు ఉండేవి. ముక్కుపుడక దగ్గర వేలు పెడితే గుల్షన్. షాకు కొట్టినట్టు చెయ్యి విదిలిస్తే అన్న, ఎందుకంటే ఆయనది బ్యాటరీలు ఛార్జింగ్ చేసే షాపు. చెవి తమ్మె పట్టుకుంటే చనిపోయిన తల్లి. అన్నానికి, నీళ్ళకి, ఎండకి, జ్వరానికి ఒక్కో సైగ. నిన్నటికి ఒకటి ఉండేది. పోయినేడాదికి లేదు. ఎదురుగా కనపడేదాన్ని చూపించవచ్చు. కనపడని దాన్ని అడగడానికి వీల్లేదు. తల్లి మంచం మీద కదలకుండా పడుకుని ఉన్న రోజున అబిదా అందరి చేతులూ పట్టుకుని ఊపింది. ఏం అడుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. నీళ్ళు కావాలేమో అని నీళ్ళిచ్చారు.

ఆమెకు ఇప్పుడు నలభై దాటింది.

*

టీవీ మీరా సాహెబ్‌ది. చిన్నది, నలుపు తెలుపు. విజయవాడ వైపు తిప్పి పొడుగాటి ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టాడు. మసీదు వెనక ఆ వీధిలో ఇంకెవరికీ టీవీ లేదు. అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పడానికి లేదు. ఆదివారాలు మరీ అన్యాయం. అందుకని టీవీని బ్యాటరీ మీద నడిపేవాడు. శనివారం సాయంత్రం షాపు నుంచి బ్యాటరీ రావాలి, సోమవారం పొద్దున మళ్ళీ షాపుకు పోవాలి.

షాపు పల్నాడు బస్టాండు దగ్గర. బ్యాటరీ లారీది, బరువు. దాన్ని మోసుకొచ్చే పని నాలుగు ఇళ్ళు వంతులవారీగా చేసేవి. బ్యాటరీ సాహెబ్‌ది, టీవీ సాహెబ్‌ది, మోతైనా మనం చెయ్యకపోతే ఏం బాగుంటుందని రామాయమ్మ ఆ ఏర్పాటు పెట్టింది. రామాయమ్మ వీధి మొదట్లో ఉండే పెద్దామె. ఆమెతో వాదన పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అంతే చూడాలి కాబట్టి ఏవి చూడాలో ముందే అనుకునేవాళ్ళు. మూడు నెలలకు ఒకసారి పాత సీరియళ్ళు అయిపోయి కొత్తవి మొదలవుతాయి. అప్పుడు అందరూ మీరా సాహెబ్ వసారాలో కూర్చుని తేల్చుకునేవాళ్ళు. మోసే ఇల్లు ఒక్కోటీ ఒక్కో కార్యక్రమం కోరుకోవచ్చు. ఒకరు కోరింది ఇంకొకరు కాదనకూడదు. నాలుగు ఇళ్ళు, నాలుగు కార్యక్రమాలు. మీరా సాహెబ్ ఇంటికి కోరుకునే హక్కు లేదు. టీవీ వాళ్ళింట్లోనే ఉంది, అన్నీ వాళ్ళు ఎటూ చూస్తారు గదా అని.

కార్యక్రమాలన్నీ ఢిల్లీ నుంచి వచ్చేవి, హిందీవి. వీధిలో ఉర్దూ వచ్చినవాళ్ళకు అందేవి, మిగిలినవాళ్ళకు గుల్షన్ చెప్పేది. సినిమాలో హీరో రెండు నిమిషాలు మాట్లాడితే ఆమె ఒక్క ముక్కలో తేల్చేది.

"ఏమంటన్నాడే గుల్షన్?" అనేది రామాయమ్మ.

"రానంటన్నాడు అత్తా."

"దానికి అంతసేపా?"

*

తర్వాతి ఆదివారం కూడా అదృష్టం కొద్దీ కరెంటు ఉంది. అబిదా పొద్దుటి నుంచి టీవీ ముందు నుంచి లేవలేదు. టీవీలో ఆ చేతుల మనిషి వచ్చింది. పావుగంట చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఆదివారం కరెంటు లేదు. మీరా సాహెబ్ పురాణం కాగానే టీవీ తీగ క్లిప్పులు బ్యాటరీ నుంచి తీసి పక్కన పెట్టి నిద్రపోయాడు. అన్న ఎలా తగిలిస్తాడో అబిదా చూస్తూనే ఉండేది. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు తగిలించింది. టీవీ వెలిగింది.

చేతుల మనిషి వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాత ఏదో వేరే వచ్చింది. అబిదా కట్టెయ్యలేదు. మళ్ళీ వస్తుందేమోనని కూర్చుంది. అలా కూర్చునే ఉంది. గుల్షన్ లేచి వచ్చి చూసి క్లిప్పులు పీకేసరికి ఎండ వసారా దాటిపోయింది.

ఆ రాత్రి సినిమా ఇంకా కాసేపు ఉందనగా బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయింది. మధ్యలో అగ్గిపెట్టెంత మిగిలింది. అందులో ఎవరో ఎవరినో కొడుతున్నారు. అదీ పోయింది.

"ఏంది సాయిబూ ఇది? చచ్చాడా బతికాడా వాడు?" అన్నది రామాయమ్మ చీకట్లో.

"మా మూగది పగలు పెట్టుకుని కూర్చుంది పెద్దమ్మా," అన్నాడు మీరా సాహెబ్. ఆయన గొంతులో సిగ్గు ఉంది. వచ్చినవాళ్ళంతా ఆయన ఇంటి అతిథులు.

"దానికి సినిమా ఎందుకయ్యా, వినపడదు గదా," అని ఎవరో అన్నారు. తిట్టినట్టు కూడా కాదు.

ఆ రోజు నుంచి క్లిప్పుల తీగ మీరా సాహెబ్ చొక్కా జేబులోకి వెళ్ళింది. ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అబిదా ఆయన ఎదురుగా నిలబడి జేబు వైపు చూపించింది. ఆయన తల అడ్డంగా తిప్పాడు. ఆమె తన రెండు చేతులూ ఆయన ముఖం ముందు ఎలాపడితే అలా కదిలించింది. ఆ కదలికలకు అర్థం లేదు. ఆ మనిషి, ఆ చేతులు అని చెప్పడానికి ఆమెకు అంతకన్నా దారి లేదు. ఆయనకు అది కోపంలా కనిపించింది. పక్కకు తిరిగి పడుకున్నాడు.

*

దసరా వెళ్ళిన తర్వాత మళ్ళీ వసారాలో కూర్చున్నారు. మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా శేషగిరిరావు పేపరు తెచ్చాడు. ఎప్పుడూ ఆయనే చదివి వినిపిస్తాడు.

"కొత్తవి మూడు వస్తన్నాయి. ఒకటి డిటెక్టివు. ఒకటి డాక్టర్ల మీద. ఒకటి రాజుల చరిత్ర. పాతవాటిల్లో ఆ రైల్వే కాలనీ కుటుంబం ఉందే, మధ్యలో ఆపేశారు, అది మళ్ళీ మొదలవుద్దంట."

"ఆ చిన్నకోడలు పుట్టింటికి పోయింది గదా, తిరిగొచ్చిందా?" అన్నది రామాయమ్మ.

"అది చూస్తే గదా తెలిసేది."

"నాకు పురాణం రాసుకో. అయిపోయిందాకా అదే. మధ్యలో నన్ను అడగమాక."

మిషను స్కూలు టీచరు రాజారత్నం రైల్వే కాలనీ కుటుంబం కావాలన్నాడు. రొట్టెల బట్టీ అబ్దుల్ గఫార్ ఎప్పటిలాగే ఆదివారం సినిమా అన్నాడు. డిటెక్టివు చూద్దామని అతని భార్య లోపల్నుంచి గొణిగింది గాని అతను వినపడనట్టు ఊరుకున్నాడు.

"నాది రాజుల చరిత్ర," అన్నాడు శేషగిరిరావు. "మన పక్కన కొండవీడు పెట్టుకుని మనకు చరిత్ర తెలియకపోతే ఎట్లా?"

అబిదా గడప లోపల నిలబడి అందరి పెదాలూ చూస్తోంది. ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. ఏడాదికి నాలుగుసార్లు ఈ వసారాలో ఇలా కూర్చుని, వేళ్ళు మడిచి, చివరికి లేచిపోతారు. లేచారంటే అయిపోయినట్టే. ఆమె గుల్షన్ కొంగు పట్టి లాగింది. ముక్కు దగ్గర వేలు పెట్టి, టీవీ చూపించి, చేతులు కదిలించి చూపింది. ఈసారి నెమ్మదిగా. బల్ల వెనక కూర్చున్న మనిషిలాగా నడుం నిటారుగా పెట్టి.

గుల్షన్‌కు అర్థమైంది. అర్థమైనందుకు కొంచెం ఇబ్బందిగా కూడా ఉంది. గొంతు సవరించుకుంది.

"అబిదా ఆపా కూడా ఒకటి అడుగుతోంది. ఆదివారం మజ్జాన్నం చెవిటోళ్ళ వార్తలు వస్తాయి. పావుగంట."

శేషగిరిరావు, "ఆమెకు అర్థమవుద్దా?" అన్నాడు.

"ఏమో అన్నా. చూస్తది."

"ఆ పావుగంటే మొన్న సినిమా మింగింది," అన్నాడు గఫార్.

"ఆమెకు అన్నీ ఒకటేలేమ్మా," అన్నాడు రాజారత్నం, మంచిగానే. "బొమ్మలు కదిలితే చాలు, సంతోషంగా చూస్తది పాపం. మేం చూసేటప్పుడు ముందు కూర్చోమనండి."

మోసే ఇళ్ళే కోరుకోవాలన్నది అందరూ కలిసి పెట్టుకున్న మాట. తన చెల్లెలి కోసం దాన్ని మీరా సాహెబ్ ఎలా తప్పుతాడు? చాపలు చుట్టి లేచారు.

అబిదా గుల్షన్ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. గుల్షన్ ఏం చెప్పాలో తెలియక, చెప్పగలిగింది చెప్పింది. బ్యాటరీ చూపించింది. రామాయమ్మ ఇంటి వైపు, గఫార్ ఇంటి వైపు, మిగిలిన రెండు ఇళ్ళ వైపు వేలు చాపింది. మోస్తున్నట్టు నడుం వంచింది. టీవీ చూపించింది. తర్వాత తమ గడప చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. మనం మొయ్యం. మనకు లేదు.

*

ఆ శనివారం మోత శేషగిరిరావుది. సాయంత్రం మీరా సాహెబ్ ఛార్జింగ్ అయిన బ్యాటరీని షాపు గోడ పక్కన పెట్టి అసర్ నమాజుకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి బ్యాటరీ లేదు. రావుగారు వచ్చి తీసుకెళ్ళాడు గామోసు అనుకున్నాడు.

తీసుకెళ్ళింది అబిదా. ఇంట్లో కుట్టి పెట్టిన బొంత ఒకటి నాలుగు మడతలు వేసి తల మీద చుట్టకుదురులా పెట్టుకుంది. పక్కన సోడాబండి దగ్గరున్న మనిషిని చెయ్యిపట్టి లాక్కొచ్చి బ్యాటరీ చూపించి, తల చూపించింది. అతను ఎత్తి పెట్టాడు. నీళ్ళ బిందెలు మోసిన మెడ అది. నడక మొదలుపెట్టింది.

బస్టాండు ముందు బస్సులు. వినపడవు కాబట్టి అంచునే నడిచింది. బజార్లో జనం తప్పుకున్నారు. బ్యాటరీ బిందె కాదు. ఛార్జింగు అప్పుడే అయింది, మూతలు ఇంకా బిగించలేదు. అడుగడుక్కీ లోపలి యాసిడ్ ఊగి చుక్కలు చుక్కలుగా బొంత మీద పడింది. బొంత పొరలన్నీ పీల్చుకుంది. పీల్చుకోగలిగినంత పీల్చుకుని, మిగతాది మెడ మీదికి, ఎడమ భుజం మీదికి వదిలింది. మండుతున్నా రెండు చేతులూ పైన బ్యాటరీని పట్టుకునే ఉన్నాయి. ఎక్కడా దించలేదు. దించితే మళ్ళీ ఎత్తేవాళ్ళు దొరకరేమో అనుకుని ఉంటుంది.

వీధిలోకి వచ్చేసరికి రామాయమ్మ అరుగు మీద ఉంది. "ఓరి దేవుడో, సాయిబూ! గుల్షన్! ఎవురన్నా రండ్రా!" అని కేకలు పెట్టింది. అబిదాకు ఆ కేకలు తెలియవు. తిన్నగా ఇంటి వసారా దాకా వచ్చి ఆగింది. గఫార్, రాజారత్నం పరిగెత్తుకొచ్చి బ్యాటరీ దించారు. వెనకనే షాపు నుంచి మీరా సాహెబ్ వచ్చాడు. చూశాడు. తొట్టిలో నీళ్ళు చెంబుతో ముంచి చెల్లెలి మెడ మీద, భుజం మీద పోస్తూనే ఉన్నాడు. గుల్షన్ వంటసోడా తెచ్చింది. రవికె భుజం దగ్గర బూడిదలా రాలిపోయింది.

"ఎవరు మొయ్యమన్నారే నిన్ను? ఎవరు మొయ్యమన్నారు?" అని ఆయన అరుస్తున్నాడు. ఆమెకు వినపడదని తెలిసి కూడా అరుస్తున్నాడు.

సైకిలు నడిపించుకుంటూ శేషగిరిరావు అప్పుడే వచ్చాడు. "చైను ఊడింది. అందుకనే..." అని ఆగిపోయాడు.

అబిదా అన్న చేతిలో చెంబు పట్టుకుని ఆపింది. నీళ్ళు కారుతుండగానే వసారాలో నిలబడ్డవాళ్ళ ముందుకు వచ్చింది. బ్యాటరీ చూపించింది. తన తల చూపించింది. తర్వాత చాప మీద కూర్చుని, నడుం నిటారుగా పెట్టి, రెండు చేతులూ ఎదురుగా ఎత్తింది. ఒక వేలు లేపి ఇంకో అరచేతిని తాకింది. ఆగింది. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

"ఏమయ్యా రావుగారూ," అన్నది రామాయమ్మ, "ఈ వారం వంతు ఎవురిది?"

"నాదే."

"మోసిందెవురు?"

ఆయన సైకిలు స్టాండు వేశాడు.

"ఇంకేంది మరి? నీ కోరిక ఆమెది."

"ఈ వారం వరకైతే నాకేం అభ్యంతరం లేదు పిన్నిగారూ. కానీ ఆ చరిత్ర సీరియల్..."

"నీ చరిత్ర మాకందరికీ తెలుసులే, టీవీలో చూసేదేముంది? మూడుసార్లు చైను ఊడిందన్నావు, రెండుసార్లు నడుం పట్టిందన్నావు. ఆమె భుజం చూడు. చూడవయ్యా!"

శేషగిరిరావు చూశాడు. పేపరు జేబులోంచి తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "సరే. మూడు నెలలూ ఆమెదే. నా వంతు మోత మాత్రం నేను మోస్తా. ఆమెతో మోయించకండి."

గుల్షన్ ఆ సంగతి చెప్పింది. టీవీ, మధ్యాహ్నపు సూర్యుడు, గుండె మీద వేలు. అప్పుడు అబిదా లేచి వెళ్ళి అన్న ముందు మెడ వంచింది. మీరా సాహెబ్ మళ్ళీ నీళ్ళు పోశాడు. ఆమె భుజం మీద కాలిన మచ్చ అరచేతి వెడల్పున ఉండిపోయింది.

*

మొదటి ఆదివారం వీధంతా వచ్చింది. ఆమె అంత చేసింది, మనం రాకపోతే బాగుండదని. ముందు వరసలో అబిదా. పావుగంటసేపు ఎవరూ కదల్లేదు. రెండో ఆదివారం రామాయమ్మ ఒక్కతే వచ్చి కూర్చున్నచోటే కునికింది. మూడోసారి ఎవరూ రాలేదు.

అబిదా చూసింది. ఎంత దగ్గరగా కూర్చున్నా, ఎంత కన్నార్పకుండా చూసినా, ఆ చేతులు ఏం చెబుతున్నాయో ఆమెకు తెలియలేదు. ఒక్కోసారి నది అన్నట్టు అనిపించేది. వెనక నది బొమ్మ పడితే అవుననుకునేది. ఎవరో చనిపోయారన్నది ముఖంలో తెలిసేది. ఎవరో తెలిసేది కాదు. ఆమెకు వచ్చిన సైగలు ఈ ఇంటివి. చెవి తమ్మె పట్టుకుంటే తల్లి అని ఢిల్లీలో ఎవరికి తెలుసు? ఆ మనిషి అందరితో చెబుతోంది. ఆ అందరిలో తాను లేదు.

నాలుగో ఆదివారం సగంలో లేచి నిలబడింది. వసారాలో పడుకున్న మీరా సాహెబ్ గమనించి, ఇక వద్దు కాబోలని బ్యాటరీ దగ్గరికి వచ్చాడు. అబిదా ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. టీవీ చూపించి, కింద నేల చూపించింది. ఉండనీ. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళింది. ఎవరూ లేని గదిలో ఆ చేతులు చెబుతూనే ఉన్నాయి. మీరా సాహెబ్ వాటిని కట్టెయ్యలేకపోయాడు. ఏం చెయ్యాలో తోచక తానే కూర్చుని చివరిదాకా చూశాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి వార్తలు అయిపోయి చాలాసేపైంది. ఒంటరిగానే వచ్చింది. ఎక్కడికి వెళ్ళావని ఆయన సైగతో అడిగాడు. స్టేషను వైపు చెయ్యి చూపింది. అంతే.

స్టేషను రోడ్డులో చేటలు, జల్లెళ్ళు అమ్మే కాంతమ్మ అనే ఆమె ఉంది. అబిదా వయసే, ఇంకా నాలుగేళ్ళు పెద్దదేమో. ఆమెకూ వినపడదు. ఆదివారం పొద్దున చర్చిలో అందరూ లేస్తే లేచి, అందరూ కూర్చుంటే కూర్చుంటుంది. దారం కొనడానికి వెళ్ళినప్పుడల్లా అబిదా ఆమె ముందు నుంచే నడిచేది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఎన్నడూ పలకరించుకోలేదు. బజార్లో చేతులు ఆడిస్తే చుట్టూ జనం చేరతారు, పిల్లలు వెక్కిరిస్తారు. అందుకని చూసీ చూడనట్టు పోయేవాళ్ళు.

ఆ ఆదివారం కాంతమ్మ అక్కడ లేదు. అబిదా తర్వాతి ఆదివారం ముందే బయల్దేరింది. చర్చి గేటు దగ్గర నిలబడింది. జనం బయటికి వస్తుంటే వాళ్ళలో ఆమెను పట్టుకుంది. తెల్లచీర కట్టుకుని చేతిలో బైబిలు పట్టుకున్న కాంతమ్మ బెదిరిపోయింది. ఈ సాయిబుల ఆమె తన చెయ్యి పట్టుకుని ఎందుకు లాగుతోందో తెలియలేదు. అబిదా వదల్లేదు.

ఇంటికి వచ్చిన కాంతమ్మకు గుల్షన్ ముంతలో మంచినీళ్ళు ఇచ్చింది. వేళకు మీరా సాహెబ్ క్లిప్పులు తగిలించాడు. టీవీ వెలిగింది. బల్ల వెనక మనిషి చేతులు ఎత్తింది.

కాంతమ్మ ముంత కింద పెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పావుగంటా అలాగే ఉంది. అబిదా ఆ పావుగంట టీవీ చూడలేదు, కాంతమ్మనే చూసింది.

అయిపోయాక ఆయన క్లిప్పులు తీశాడు. కాంతమ్మ నల్లటి అద్దం వైపు చూస్తూనే ఉంది. తర్వాత అబిదా వైపు తిరిగింది. నీకు తెలిసిందా అన్నట్టు ముఖం పెట్టింది. అబిదా లేదని తల ఊపింది. కాంతమ్మ కూడా లేదని ఊపింది.

కాసేపటికి అబిదా ముంత ముందుకు జరిపింది. నీళ్ళకు తన ఇంటి సైగ చేసింది, దోసిలి పెదాల దగ్గర పెట్టి. కాంతమ్మ తన సైగ చేసింది, బొటనవేలు గొంతు మీదుగా కిందికి గీసి. రెండూ వేరు. ఇద్దరూ ఒకరి దాన్ని ఒకరు చేసి చూశారు. అబిదా తన బొంత మూట తెచ్చి విప్పింది. సూది, దారం, రంగులు. కాంతమ్మ చేట అల్లే వేళ్ళు చూపించింది. తర్వాత అబిదా భుజం మీద కొత్త మచ్చ ముట్టుకుని, కనుబొమ్మలు పైకెత్తింది. అబిదా చెప్పడం మొదలుపెట్టింది. బ్యాటరీ, తల, బస్సులు, మంట. మధ్యలో ఆగి, కాంతమ్మకు అందిందో లేదో చూసి, అందకపోతే మళ్ళీ ఇంకోలా. బూడిదైన రవికె చూపినప్పుడు కాంతమ్మ నోరు తెరిచి నవ్వింది. గొంతులోంచి పెద్ద శబ్దం వచ్చింది. వంటింట్లోంచి గుల్షన్ తొంగి చూసి వెళ్ళింది.

పొద్దు వాలింది. సినిమా వేళకు వీధివాళ్ళు చాపలతో వచ్చారు. టీవీ ముందు ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి వీపులూ అటొకటి ఇటొకటి.

"వాళ్ళని పక్కకు జరగమనండి సాయిబూ, బొమ్మ కనపడదు," అన్నాడు గఫార్.

"కదిలిచ్చమాకండి," అన్నది రామాయమ్మ. "వాళ్ళ పక్కనించి చూడు. నీ మెడేం విరగదులే."

మీరా సాహెబ్ క్లిప్పులు తగిలించాడు. సినిమా మొదలైంది. గుల్షన్ మాటలు చెబుతోంది. అందరి చూపులూ ఆ ఇద్దరి తలల మధ్య సందులోంచి టీవీ మీద ఉన్నాయి. తెర వెలుగు వాళ్ళ చేతుల మీద పడుతోంది. కాంతమ్మ ఇప్పుడు తన ఇంట్లో పోయినవాళ్ళ గురించి చెబుతోంది. అబిదా ముందుకు వంగి, ఒక్కో వేలూ చూస్తోంది.